సంవత్సరాంత జాగరణ: దాని పుట్టుక, మన నగరంలో దాని నడక

డిసెంబరు 31వ తేదీ రాత్రి లక్డీకాపూల్ కూడలిలో నిలబడి చూచేవారికి నగరం రెండు పాయలుగా చీలిపోతున్నట్లు కనబడుతుంది. పెద్ద పాయ సైఫాబాద్ మీదుగా హుస్సేన్ సాగర్ వైపు, ట్యాంక్ బండ్, నెక్లెస్ రోడ్ల వైపు సాగుతుంది. మోటారు సైకిళ్ల మోత, ఈలలు, పాటలు, కేరింతలు ఆ పాయలో కలిసి ప్రవహిస్తాయి. రెండవ పాయ చాలా చిన్నది. నాంపల్లి, అబిడ్స్, చాపెల్ రోడ్, గన్‌ఫౌండ్రీ వైపు నెమ్మదిగా నడిచే కుటుంబాలది. చంకన బైబిలు, చేతిలో పాటల పుస్తకం, నిద్రమత్తులో ఉన్న పిల్లవాడు తండ్రి భుజం మీద, అవ్వకు చలి తగలకుండా శాలువ. వీరు దేవాలయానికి, వాచ్‌నైట్ ఆరాధనకు పోతున్నారు.

ఈ చిన్న పాయను గూర్చి ఈ శతాబ్ది సంచికలో కొంత వ్రాయడం సముచితమని తలంచాను. ఎందుకనగా, మన సంఘాలలో సంవత్సరం మొత్తంలో జనం కిక్కిరిసే ఆరాధనలు రెండో మూడో ఉంటే అందులో ఇది ఒకటి. ఆదివారాలు కనబడనివారు సైతం ఈ రాత్రి తప్పక వస్తారు. అయినా దీని పుట్టుపూర్వోత్తరాలు మనలో చాలమందికి తెలియవు. "లోకం నూతన సంవత్సర వేడుక చేసుకుంటోంది గనుక మన పిల్లలు అటు పోకుండా పెద్దలు ఈ కూడిక పెట్టారు" అని యువజనులు అనుకుంటారు. పొరుగువారు "ఇది మీ క్రైస్తవుల సంవత్సరాది కదా" అంటారు. ఈ రెండు అభిప్రాయాలూ సరియైనవి కావు. చరిత్ర చెప్పే సంగతి వేరు.

జనవరి 1 ఎవరి పండుగ?

మొదట పొరుగువారి మాట చూద్దాం. జనవరి ఒకటవ తేదీని సంఘం కనిపెట్టలేదు. అది రోమీయుల తేదీ. క్రీస్తుకు పూర్వం 153 నుండి రోమా కాన్సులులు ఆ దినాన పదవీ స్వీకారం చేసేవారు. ఆ దినాన కానుకలు ఇచ్చిపుచ్చుకోవడం, ఇండ్లు అలంకరించుకోవడం, వేషాలు వేయడం, త్రాగడం వారి ఆచారం. సంఘ కాలమానం ప్రకారం మన సంవత్సరం ఆగమన కాలపు మొదటి ఆదివారంతో, అనగా క్రిస్మస్‌కు నాలుగు ఆదివారాల ముందు ఆరంభమవుతుంది. జనవరి 1 క్రిస్మస్ తరువాత ఎనిమిదవ దినం గనుక, లూకా సువార్త రెండవ అధ్యాయంలో చెప్పబడినట్లు శిశువైన ప్రభువునకు సున్నతి జరిగి యేసు అను పేరు పెట్టబడిన దినంగా సంఘం దానిని జ్ఞాపకం చేసుకుంది. అంతే గాని సంవత్సరాదిగా కాదు.

పూర్వకాలపు సంఘ పితరులకు ఈ రోమా వేడుక పెద్ద తలనొప్పి అయింది. నాల్గవ శతాబ్దం చివర అంతియొకయ పట్టణంలో యోహాను క్రిసోస్తోము ఈ పండుగను గూర్చే ఒక ప్రసంగం చేశాడు. రాత్రంతా దీపాలు వెలిగించిన అంగడి వీధులు, సారాయి దుకాణాలలో తెల్లవారే వరకు త్రాగుడు, ఇవి ఆయన కండ్ల ముందు ఉన్నాయి. అంతకంటె ఆయనను బాధించినది ఒక నమ్మకం. మొదటి దినం సుఖంగా గడిస్తే సంవత్సరమంతా సుఖంగా గడుస్తుందని జనులు నమ్మేవారు. దినానికి తనంతట తనకు మంచిచెడ్డలు లేవనీ, దేవునికి ఇష్టమైనది చేసిన ప్రతి దినమూ శుభదినమేననీ ఆయన వాదించాడు. పదహారు వందల ఏండ్లు గడిచినా మన ఇండ్లలో "ఒకటో తారీఖున ఏడవకు, ఏడాదంతా ఏడుస్తావు" అని పిల్లలను గద్దించడం వింటూనే ఉన్నాం కదా!

ఐదవ శతాబ్దం తొలినాళ్లలో ఉత్తర ఆఫ్రికాలో అగస్తీను అదే దినాన తన సంఘానికి ఒక చక్కని మార్గం చూపాడు. వారు కానుకలు పంచుకుంటే మీరు బీదలకు దానం చేయండి, వారు ఆ పాటలు పాడుకుంటే మీరు లేఖనాలు వినండి, వారు నాటకశాలకు పరుగెత్తితే మీరు దేవాలయానికి రండి, వారు త్రాగితే మీరు ఉపవసించండి అన్నది ఆయన బోధ సారాంశం. ఇది గమనించదగిన బోధ. ఆయన "తలుపులు మూసుకొని ఇంట్లో కూర్చోండి" అనలేదు. లోకం చేసే ఒక్కొక్క పనికి ఎదురుగా విశ్వాసి చేయవలసిన ఒక్కొక్క పనిని నిలబెట్టాడు. 567లో ఫ్రాన్సు దేశమందలి తూర్ పట్టణంలో కూడిన సంఘ సభ కూడా జనవరి మొదటి దినాలలో ప్రార్థనలు, కీర్తనలు జరగాలని నిర్ణయించింది. కాబట్టి విశ్వాసులు ఈ వేడుకకు ఎదురుగా ఆరాధనను ఎన్నుకోవడం క్రొత్త సంగతి కాదు.

కింగ్స్‌వుడ్ గనివారి రాత్రి

అయితే మన వాచ్‌నైట్ ఆరాధన నేరుగా ఆ పితరుల దగ్గరి నుండి రాలేదు. దానికి పుట్టినిల్లు ఇంగ్లాండులోని బ్రిస్టల్ పట్టణం ప్రక్కనున్న కింగ్స్‌వుడ్ బొగ్గు గనులు.

1739లో జాన్ వెస్లీ ఆ గని కార్మికులకు ఆరుబయట సువార్త ప్రకటించడం ఆరంభించాడు. చదువు లేనివారు, దేవాలయం మెట్లు ఎక్కనివారు, త్రాగుడుకు, కొట్లాటలకు పేరుపడినవారు అని పెద్దమనుష్యులు వారిని చిన్నచూపు చూచేవారు. వారిలో అనేకులు రక్షణ అనుభవంలోనికి వచ్చారు. పూర్వం శనివారం రాత్రులు సారాయి అంగడిలో గడిపినవారు ఇప్పుడు కింగ్స్‌వుడ్ పాఠశాలలో కూడి రాత్రి చాల భాగం ప్రార్థనలో, స్తుతి పాటలలో గడపసాగారు. ఏ మిషనెరీ వారిని అలా చేయమని చెప్పలేదు. ఏ కమిటీ తీర్మానం చేయలేదు. పనిచేసి అలసిన మనుష్యులు తమంతట తాము ఎన్నుకున్న మార్గం అది.

ఈ సంగతి వెస్లీకి తెలిసింది. ఇది అతిగా ఉంది, ఆపించండి అని కొందరు ఆయనకు సలహా చెప్పారు. ఆయన తొందరపడలేదు. ఆది క్రైస్తవుల జాగరణలతో దీనిని పోల్చి చూచి, ఆపవలసిన కారణం ఏదీ లేదని గ్రహించాడు. పైగా తానే వచ్చి వారితో మేల్కొని ఉంటానని కబురు పంపాడు. 1742 మార్చి 12, శుక్రవారం రాత్రి బ్రిస్టల్‌లో, ఏప్రిల్ 9న లండనులో ఇట్టి జాగరణ కూడికలు జరిగినట్లు ఆయన దినచర్య వలన తెలుస్తున్నది. రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య వాక్యంతో ఆరంభించి అర్ధరాత్రి దాటే వరకు పాటలు, ప్రార్థనలు సాగేవి.

ఇందులో రెండు చిన్న వివరాలు నాకు మిక్కిలి విలువైనవిగా తోచాయి. పౌర్ణమికి దగ్గరగా ఉన్న శుక్రవారాన్ని వెస్లీ ఎన్నుకున్నాడు. ఎందుకంటే వచ్చేవారికి, తిరిగి ఇంటికి పోయేవారికి వెన్నెల వెలుగు ఉండాలి. రెండవది, తమ పనికి గాని తమ కుటుంబానికి గాని నష్టం కలుగనివారు మాత్రమే రావాలని ఆయన ముందే ప్రకటించాడు. భక్తి పేరుతో ఇల్లు మరువడం ఆయనకు ఇష్టం లేదు.

మరొక సంగతి. 1742లో ఇంగ్లాండు చట్టం ప్రకారం జనవరి 1 సంవత్సరాది కానే కాదు. అక్కడ సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1752 నుండి మాత్రమే జనవరి 1 చట్టబద్ధమైన సంవత్సరాది అయింది. కనుక తొలి మెథడిస్టు జాగరణ ఏ నూతన సంవత్సర వేడుకకు పోటీగా పుట్టలేదు. అది నెలనెలా పౌర్ణమి దరిదాపుల్లో జరిగే కూడిక. అది ఎదుర్కొన్నది క్యాలెండరును కాదు, సారాయి అంగడిని. కాలక్రమాన నెలనెలా జరిగే జాగరణలు తగ్గిపోయి, సంవత్సరపు చివరి రాత్రి జరిగే జాగరణ ఒక్కటే నిలిచింది.

వాగ్దాన వాక్యము, నిబంధన

ఆ చివరి రాత్రి జాగరణ మెథడిస్టుల కంటె ముందే జర్మనీలో మొరావియను సహోదరులలో కనబడుతుంది. హెర్న్‌హూట్ అను గ్రామంలో 1733లోనే సంవత్సరాంత జాగరణ జరిగినట్లు సంఘ చరిత్రకారులు చెబుతారు. మన సంఘాలలో అందరూ ఎదురుచూచే వాగ్దాన కార్డులకు దగ్గరి పోలిక కూడా అక్కడే ఉంది. 1728 మే నెలలో జిన్జెండార్ఫ్ ప్రభువు మరునాటికి ఒక వాక్యాన్ని గ్రామస్థులకు ఇచ్చాడు. తరువాత ప్రతిదినం ఒక వాక్యం ఇంటింటికి అందించే ఏర్పాటు జరిగింది. 1731 నుండి అవి పుస్తకంగా అచ్చవుతున్నాయి. ఆ వాక్యాలు చీట్లు వేసి తీస్తారు. అయితే ఉద్దేశం గమనించండి. అది ఒక మనిషికి వచ్చిన అదృష్టం చీటీ కాదు. ఆ దినాన గ్రామమంతా ఒకే వాక్యం మీద ధ్యానించి, ఒకే వాక్యానికి లోబడడానికి అది పిలుపు.

ఇక నిబంధన ఆరాధన సంగతి. 1755 ఆగస్టు 11న లండనులోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో వెస్లీ తన సంఘస్థులను సమకూర్చి, దేవునితో తమ నిబంధనను బహిరంగంగా నూతన పరచుకొనమని పిలిచాడు. సుమారు 1,800 మంది తమ సమ్మతికి గుర్తుగా లేచి నిలిచారని ఆయన వ్రాశాడు. ఆ క్రమంలోని మాటలకు ఆధారం అంతకు నూరేండ్ల ముందటి ప్యూరిటను బోధకుడు రిచర్డ్ అలైన్ రచన. పని ఉన్నా, పని లేకున్నా, ఘనత కలిగినా, కలుగకున్నా నేను నీవాడనే అని దేవునితో చెప్పడం ఆ నిబంధన సారాంశం. క్రమేణా ఈ ఆరాధన సంవత్సరపు మొదటి ఆదివారానికి స్థిరపడింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వెస్లియను సంఘాలు తమతో తెచ్చిన ఆస్తులలో ఇది ఒకటి. 1963లో వెలువడిన మన ఆరాధన క్రమాల గ్రంథంలో నిబంధన ఆరాధనకు చోటు లభించింది. ఆంగ్లికను, ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనల్ సహోదరులు సైతం దీనిని తమదిగా స్వీకరించారు.

ఈ రాత్రికి ఎంత బరువు ఉండగలదో చూపిన చరిత్ర మరొకటి ఉంది. 1862 డిసెంబరు 31 రాత్రి అమెరికాలో నీగ్రో బానిసత్వపు సంకెళ్లలో ఉన్న ప్రజలు, వారి స్వతంత్ర సహోదరులు దేవాలయాలలో, గుడిసెలలో కూడి తెల్లవారడానికి ఎదురుచూచారు. మరునాడు, 1863 జనవరి 1న అబ్రహాం లింకన్ విమోచన ప్రకటన అమలులోనికి రావలసి ఉంది. ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచిన రాత్రిని యెహోవాకు ఆచరింపదగిన రాత్రిగా నిర్గమ కాండము పన్నెండవ అధ్యాయం చెబుతుంది. ఆ రాత్రి వారికి ఆ మాట అక్షరాలా నెరవేరినట్లు తోచి ఉంటుంది. నేటికీ అక్కడి నల్లజాతి సంఘాలు ఆ రాత్రిని ఆచరిస్తూనే ఉన్నాయి.

నిజాం రాజ్యంలో

ఇప్పుడు మన నగరానికి వద్దాం. నిజాం రాజ్యంలో ప్రభుత్వ లెక్కలు ఫస్లీ సంవత్సరం ప్రకారం నడిచేవి. ఆజర్, దై, బహ్మన్ అంటూ దాని నెలలు వేరు. దాని సంవత్సరాది అక్టోబరు తొలి వారంలో వచ్చేది. 1949లో జాగీర్ల రద్దు చట్టం సైతం 1358 ఫస్లీ నాటిదిగానే వ్యవహారంలో ఉంది. కచేరీలకు వారపు సెలవు శుక్రవారం. హిందువులకు ఉగాది ఉంది. ముస్లిములకు మొహర్రంతో హిజ్రీ సంవత్సరం ఆరంభమవుతుంది. ఇట్టి రాజ్యంలో జనవరి 1 సామాన్య ప్రజలకు ఏ ప్రత్యేకతా లేని దినం. కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీలో, సికిందరాబాదు, బొల్లారం కంటోన్మెంట్లలో మాత్రమే అది పండుగ. దొరల విందులు, పటాలాల కవాతులు అక్కడివారి వేడుక.

సికిందరాబాదులో 1813 నాటికే సెయింట్ జాన్స్ దేవాలయం వెలసింది. అది ముఖ్యంగా సైనికులకు, అధికారులకు. తెలుగు ప్రజల మధ్య వెస్లియను మిషను పని 1870ల చివరి సంవత్సరాలలో విలియం బర్జెస్ దొరగారితో సికిందరాబాదు కేంద్రంగా ఆరంభమైంది. వెస్లియనులు పోయిన ప్రతిచోటికి జాగరణ ఆరాధనను, నిబంధన ఆరాధనను తమ వెంట తీసికొనిపోయారు. మన ప్రాంతానికి అవి ఆ దారినే వచ్చాయి. అబిడ్స్ ప్రాంతంలో అమెరికను మెథడిస్టుల సేవ వలన కూడా అదే ఆచారం స్థిరపడింది. చాపెల్ రోడ్డులోని స్టాన్లీ బాలికల పాఠశాల, 1895లో స్థాపించబడినది, ఆ సేవకు నేటికీ నిలిచి ఉన్న సాక్ష్యం. అబిడ్స్ అను పేరు కూడా ఆ కాలపుదే. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అను ఆయన దుకాణం వలన ఆ వీధికి ఆ పేరు నిలిచింది.

పల్లెలలో సంగతి ఇంకా గమనార్హం. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు 1890ల మధ్యలో వచ్చి మెదకును కేంద్రంగా చేసుకొన్నారు. కరువు కాలంలో ప్రజలకు పని కల్పిస్తూ ఆయన కట్టించిన మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. 2024 క్రిస్మస్‌తో దానికి నూరేండ్లు నిండాయి. ఆ కాలంలో సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ పల్లెలవారు. వారి సంవత్సరాన్ని లెక్కించినది ఎవరు? దొర గడీలోని ఖాతా పుస్తకం. ఎవరు ఎంత బాకీ, ఎవరు ఎన్ని దినాలు వెట్టి, ఎవరి కొడుకు ఎవరి ఇంట జీతం ఉండాలి, ఇదే వారి ఏడాది లెక్క. అట్టివారికి సంవత్సరపు చివరి రాత్రి దీపం ముందు కూర్చొని, "ఈ ఏడాది దేవుడు నాకు ఏమి చేశాడు, నేను దేవునికి ఏమి చేశాను" అని తమ లెక్క తామే చూచుకొనే అధికారం ఎంత గొప్పదో ఊహించండి. నిబంధన చేయగలవాడు స్వతంత్రుడు. బానిసకు ఆజ్ఞలే ఉంటాయి, నిబంధనలు ఉండవు. మన తాత ముత్తాతలు ఆ రాత్రి నిలబడి దేవునితో నిబంధన చేసినప్పుడు, తాము ఎవరి సొత్తో వారు గ్రహించారు.

కాబట్టి యువజనులకు నేను చెప్పదలచినది ఇది: మన నగరంలో జాగరణ ఆరాధన ట్యాంక్ బండ్ వేడుక కంటె పాతది. వేడుకకు ప్రతిగా పుట్టిన పని కాదిది. మన తెలుగు సంఘాలు ఈ రాత్రి మేల్కొని ప్రార్థించడం మొదలుపెట్టినప్పుడు నగరంలో మిగతావారు హాయిగా నిద్రపోతున్నారు!

జాగరణ తెలిసిన నగరం

ఒక విషయంలో మన పెద్దలకు ఇక్కడ సులువైంది. రాత్రి మేల్కొని దేవుని ధ్యానించడం ఏమిటో ఈ నగరవాసులకు వేరే చెప్పనక్కరలేదు. శివరాత్రినాడు హిందూ సోదరులు జాగారం చేస్తారు. షబే బరాత్, షబే ఖద్ర్ రాత్రులలో ముస్లిము సోదరులు మసీదులలో తెల్లవారుఝాము వరకు నమాజు చేస్తారు. వాటిని పాతబస్తీవారు "జాగ్నే కీ రాత్" అంటారు. నాంపల్లిలోని దర్గా వీధిలో, అబిడ్స్ సందులలో మన ప్రక్కనే బ్రతికినవారు మన వాచ్‌నైట్‌ను చూచి వింతపడవలసిన పని లేకపోయింది. ఇది క్రైస్తవుల జాగ్నే కీ రాత్ అని వారికి ఇట్టే అర్థమవుతుంది. మన పొరుగువారి ముందు ఇదొక సాక్ష్యం.

అయితే క్రైస్తవ జాగరణకు ఒక ప్రత్యేకత ఉంది. గెత్సేమనే తోటలో ప్రభువు శిష్యులను తనతో మేల్కొని ఉండమని అడిగాడు. ఒక్క గడియయైనా వారు మేల్కొనలేకపోయారు. మన జాగరణ పుణ్యం సంపాదించడానికి కాదు. ఆ తోటలో నిద్రపోయినవారి సంతతి మనం అని ఒప్పుకొని, ఇప్పుడైనా ఆయనతో ఉండడానికి.

నేటి పరీక్ష

నేడు పరిస్థితి మారింది. జనవరి 1 ఇప్పుడు అందరి పండుగ. డిసెంబరు 31 రాత్రి మద్యం దుకాణాలకు ప్రభుత్వమే అదనపు గంటలు అనుమతిస్తున్నది. అదే రాత్రి పోలీసువారు ఫ్లైఓవర్లు మూసి, ట్యాంక్ బండ్ మీద వాహనాలు ఆపి, త్రాగి నడిపేవారిని పట్టుకోవడానికి కూడళ్లలో నిలబడుతున్నారు. ఒక చేత అనుమతి, మరొక చేత పట్టివేత! మరునాటి ఉదయపు వార్తాపత్రికలలో ప్రమాదాల వార్తలు చదువనివారు ఎవరు? కింగ్స్‌వుడ్ గనివారు విడిచివచ్చిన అంగడి మన వీధిలో మరింత వెలుగులతో తెరుచుకొన్నది.

కాని నాకు ఎక్కువ దిగులు కలిగించేది ఆ వీధి కాదు. ఆ వీధి దేవాలయం ఆవరణలోనికి నెమ్మదిగా నడచి రావడం. కొన్ని సంఘాలలో ఆరాధన రాత్రి పదకొండు గంటలకు గాని మొదలుకావడం లేదు. పన్నెండు కొట్టేసరికి గోడమీద తెర వేసి అంకెలు లెక్కబెడతారు. పది, తొమ్మిది, ఎనిమిది అని అందరూ అరుస్తారు. టపాసులు, కేకు, ఫొటోలు. పాపపు ఒప్పుకోలుకు రెండు నిమిషాలు, ప్రకటనలకు పదిహేను. వాగ్దాన కార్డు లాటరీ చీటీ అయిపోయింది. "నాకు మంచిది రాలేదు, ఇంకొకటి ఇవ్వండి అయ్యగారూ" అని అడిగేవారున్నారు. మొదటి దినం బాగుంటే ఏడాదంతా బాగుంటుందని అంతియొకయ జనులు నమ్మిన నమ్మకమే ఇది, పైన వాక్యం అచ్చువేసుకొని వచ్చింది. పావుగంటలో ఆవరణ ఖాళీ. మోకరించి లేచిన యువకులే మోటారు సైకిళ్లెక్కి హుస్సేన్ సాగర్ వైపు మళ్లుతున్నారు. మొదటి ఆదివారం నిబంధన ఆరాధనకు వచ్చేది మాత్రం గుప్పెడు మంది.

కేకు తినడం పాపమని నేను అనడం లేదు. సంతోషించడం తప్పు అని అసలే అనను. వెస్లీ కూడికలలో పాటలు హోరెత్తేవి. అడగవలసిన ప్రశ్న ఒక్కటే. లోకం పన్నెండు గంటలకు చేసేదే మనమూ చేస్తే, దానిని దేవాలయంలో చేసినంత మాత్రాన అది వేరేది అవుతుందా? వేరు మార్గం అంటే స్థలం మార్చడం కాదు. పని మార్చడం. అగస్తీను చెప్పినది అదే కదా.

మరికొందరు సహోదరులు మరొక అభ్యంతరం చెబుతారు. దినములను, మాసములను, సంవత్సరములను ఆచరించడాన్ని గూర్చి అపొస్తలుడైన పౌలు గలతీయులను హెచ్చరించాడు గదా, ఈ ఆచారమే ఎందుకు అంటారు. వారి మాటలో సత్యం కలదు. ఒక రాత్రి మరొక రాత్రికంటె పరిశుద్ధమైనది కాదు. అయితే తొంబదవ కీర్తన మన దినములను లెక్కించుట నేర్పుమని ప్రార్థిస్తుంది. లెక్కించడానికి ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. వర్తకుడు సైతం ఏడాదికొకసారి దుకాణం మూసి సరుకు లెక్క చూచుకుంటాడు. అది ఆ రోజు గొప్పదని కాదు, లెక్క చూడకపోతే దివాలా తీస్తాడని.

మనం చేయదగినవి

ఈ నూరేండ్ల వేళ ప్రతి సంఘమూ, ప్రతి పాస్టరేట్ కమిటీ కొన్ని సంగతులు ఆలోచించాలని మనవి చేస్తున్నాను.

మొదటిది, ఆ రాత్రి పన్నెండు గంటల ముందు సంఘపు లెక్క చదవాలి. డబ్బు లెక్క కాదు. ఆ సంవత్సరం బాప్తిస్మం పొందినవారి పేర్లు, వివాహమైనవారి పేర్లు, ప్రభువునందు నిద్రించినవారి పేర్లు. భర్తను పోగొట్టుకొన్న స్త్రీ ఆ పేరు సంఘమంతటి మధ్య వినడం ఎంత ఆదరణయో పరిచర్యలో ఉన్నవారికి తెలుసు.

రెండవది, బల్ల దగ్గరకు రాకముందు సమాధానపడడం. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు కొండమీది ప్రసంగంలో ఆజ్ఞాపించాడు. ఎన్నికల పగలతో, ఆస్తి తగవులతో మాటలు లేని అన్నదమ్ములు ఒకే బెంచీకి రెండు చివర్ల కూర్చొని సంవత్సరం దాటిపోతున్నారు. డిసెంబరు చివరి వారం పెద్దలు ఇండ్లకు వెళ్లి దీనిని సరిచేయగలిగితే, ఏ గొప్ప ప్రసంగం అక్కరలేదు.

మూడవది, దానం. కేకుకు, అలంకరణకు అయ్యే సొమ్ములో సగమైనా దుప్పట్లకు, వేడి అన్నానికి పెడితే బాగుండును. మన లక్డీకాపూల్ దగ్గరి నీలోఫర్ ఆసుపత్రి బయట బిడ్డలను చేర్పించి చలిలో కూర్చొన్న తల్లిదండ్రులు, నాంపల్లి స్టేషను ముందు పడుకొన్న కూలీలు ఆ రాత్రి మన ఆరాధనకు ఎంతో దూరంలో లేరు. యువజనులు ఆరాధన ముగిసిన తరువాత పోవలసిన చోటు ఒకటి కావాలని అడుగుతున్నారు. ఇదిగో, ఉన్నది.

నాల్గవది, ఇంటికి వెలుగు. పౌర్ణమి చూచి దినం ఎన్నిన వెస్లీని తలంచుకోండి. నేడు వీధి దీపాలున్నాయి, ఇటీవలి సంవత్సరాలలో ఆ రాత్రి మెట్రో రైళ్లు అర్ధరాత్రి దాటే వరకు నడిపిన సందర్భాలూ ఉన్నాయి. అయినా త్రాగినవారు తిరిగే వీధులలో ఆడపిల్లలు, వృద్ధులు ఒంటరిగా ఇల్లు చేరడం భయమే. పేటలవారీగా గుంపులుగా కలిసి పోయే ఏర్పాటు సంఘమే చేయాలి. రాత్రి పనికి పోవలసిన నర్సులు, కాపలాదారులు, డ్రైవర్లు రాలేకపోతే వారిని నిందించరాదు. పని, ఇల్లు విడిచి రావద్దని చెప్పినవాడు జాగరణను మనకిచ్చిన వెస్లీయే. వారికోసం సాయంకాలం ఆరు గంటలకు ఒక చిన్న ఆరాధన పెట్టవచ్చును.

ఐదవది, వాగ్దాన వాక్యం సంఘమంతటికీ ఒక్కటే ఉంటే మేలు. ఆ వాక్యమున్న అధ్యాయమంతా ఆ రాత్రి చదవాలి. చివరగా, సంవత్సరపు మొదటి ఆదివారం నిబంధన ఆరాధనను తిరిగి నిలబెట్టాలి. జాగరణ ప్రశ్న, నిబంధన దానికి జవాబు. జవాబు లేకుండా ప్రశ్న ఒక్కటే మిగిలితే అది ప్రతి ఏటా మరచిపోయే ప్రశ్న అవుతుంది.

ట్యాంక్ బండ్ వైపు పోయేవారిని చూచి మనం గర్వపడరాదు. వారిలో మన బిడ్డలున్నారు, మన స్నేహితులున్నారు. గనులలోని త్రాగుబోతులే ఒకనాడు ఈ జాగరణను ప్రారంభించారు గనుక, ఆ రాత్రి ఆలస్యంగా, కొంచెం తూలుతూ దేవాలయం గుమ్మం దగ్గరకు వచ్చేవానిని వెనుకకు పంపక లోపల కూర్చోబెట్టండి. వానికి మనకంటె ఈ ఆరాధన మీద ఎక్కువ హక్కు ఉన్నదేమో.

కొండల వంటి నూరేండ్లు మన సంఘాన్ని నడిపించిన ప్రభువు, రాబోవు దినాలలో మనలను మెలకువ గలవారినిగా, నిబంధన నిలుపుకొనువారినిగా చేయును గాక. ఆమేన్.